సహజ దాణా సలహాదారు ఈతమ్మ

ఒక పెద్ద అడవిలో పులిరాజుగారికి పళ్లు కదలడం మొదలైన ఏడాదే, ఆ అడవిని చీల్చుకుని పోయే ఘాట్ రోడ్డు మలుపులో ఒక కోళ్ల లారీ బోల్తాపడింది.

బోన్లు పగిలి తెల్లటి బ్రాయిలర్ కోళ్లు లోయలోకి దొర్లాయి. దొర్లాయే గానీ పారిపోలేదు. పారిపోవడం వాటికి ఎవరూ నేర్పలేదు. పులిరాజుగారు నింపాదిగా నడిచొచ్చి, కూర్చున్న కోడిని కూర్చున్నట్టే తిని, మూతి నాక్కుని, "వేటాడటం ఎంత మోటు పనో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇవి మనకు రోజూ కావాలి," అన్నారు.

పక్కనే నక్క లౌక్యారావు ఉన్నాడు. లౌక్యారావుకు చేతకాని పనంటూ లేదు. ఎందుకంటే ఏ పనీ తాను చేయడు, చేయిస్తాడు. రాజుగారు తినగా మిగిలిన కోళ్లను ఒక కొండగుహలోకి తోలించాడు. గుడ్లు పెట్టించాడు, పొదిగించాడు. గుమ్మానికి ముళ్లకంప తలుపు కట్టించి, 'రాజావారి కోళ్ల ఫారం' అని పేరు పెట్టాడు. తన పేరుకు ముందు డైరెక్టరు అని తగిలించుకున్నాడు.

గుహలో కోళ్లను ఎంతగా కుక్కాడంటే, ఒక కోడి దగ్గితే పక్క కోడి ఈకలు ఎగిరేవి. కింద పరిచిన ఊక తడిసి ముద్దయి కంపు కొట్టేది. అలాంటిచోట జబ్బులు రాకుండా ఎలా ఉంటాయి? అందుకని లౌక్యారావు ఊరిచివర గోడౌను నుంచి కోతుల చేత ఒక తెల్లపొడి తెప్పించి దాణాలో కలిపించేవాడు. మనుషులు దాన్ని యాంటిబయాటిక్ అంటారు. అడవిలో మాత్రం అందరూ 'మందు' అనేవాళ్లు. మందు తిన్న కోళ్లు జబ్బు పడేవి కావు, పైగా తొందరగా ఒళ్లు చేసేవి. ఆ ఒంటిని కాళ్లు మోయలేకపోయేవి. నడిచే పనేమీ లేదు గనుక దాన్నెవరూ లోపంగా చూడలేదు.

అంతా బాగుందనుకుంటుండగా పులిరాజుగారి ముందుకాల్లో ముళ్లపంది ముల్లు దిగింది. పుండు పడింది. ఆస్థాన వైద్యుడు, ఎలుగుబంటి డాక్టరు జూలప్ప, అదే తెల్లపొడి పూశాడు, అదే మింగించాడు. పుండు పెరిగిందే గానీ మానలేదు.

"ఏమయ్యా, కోళ్లకు పనిచేసే మందు నాకు పనిచేయదా?" అని గర్జించారు రాజుగారు.

"కోళ్లకు పోశాం గనుకే మీకు పనిచేయడం లేదు ప్రభూ," అన్నాడు జూలప్ప రెండడుగులు వెనక్కి వేసి. "జబ్బున్నా లేకున్నా రోజూ మందు పోస్తుంటే గుహలో క్రిములు దానికి రాటుదేలిపోయాయి. కోళ్లతో, కోతుల చేతులతో అవే అడవంతా తిరుగుతున్నాయి. ఇప్పుడా మందంటే వాటికి లెక్కలేదు."

"నేనంటే?"

జూలప్ప మాట మార్చి, "వేరే దారి ఉంది ప్రభూ," అన్నాడు. "పసుపు, వెల్లుల్లి, వాము, వేపాకు, పులిసిన గంజి. ఇవి దాణాలో కలిపితే కోడి కడుపు గట్టిపడుతుంది. కాకపోతే ఊక పొడిగా ఉండాలి, గాలి ఆడాలి, కోళ్లను కాస్త పలచగా ఉంచాలి. ఆకూ అలమూ ఒక్కటే వేసి మిగతాది వదిలేస్తే..."

"చాలు. పుండు సలుపుతోంది," అన్నారు రాజుగారు. "మందు ఆపండి. ఇకమీదట కోళ్లన్నీ సహజంగా పెరగాలి."

లౌక్యారావు చేతులు కట్టుకుని, "చిత్తం," అన్నాడు. ఆయన చెవికి ఎక్కింది సహజం అనే మాట ఒక్కటే. మంచి మాట. అమ్ముడుపోయే మాట. దానికి ఒక మొహం కావాలి.

ఆ మొహం ఈతమ్మది.

ఈతమ్మ అడవికోడి. ఈతపొదల మొదట్లో పుట్టింది గనుక ఆ పేరు. చెదపురుగులు ఏరుకుని, గడ్డిగింజలు తిని, పొద్దు వాలితే కొమ్మెక్కేది. ఆకారం చిన్నది, ఒళ్లు గట్టిది. ఆమెకున్న బలహీనత ఒక్కటే, తన మాట నలుగురూ వినాలని. పొద కింద కెలుక్కునే కోడి మాట ఎవరు వింటారు? అందుకని ఆమె చెదపుట్టలకే ఉపన్యాసాలు ఇచ్చేది.

లౌక్యారావు పొద దగ్గరకు రాగానే ఈతమ్మ చటుక్కున కొమ్మ మీదికి ఎగిరింది.

"కంగారుపడకండి ఈతమ్మగారూ. ఇవాళ ఆఫీసు పని మీద వచ్చాను," అన్నాడు లౌక్యారావు. "మీ ఆరోగ్యం గురించి అడవంతా చెప్పుకుంటోంది. ఫారంలో సహజ దాణా పథకం పెడుతున్నాం. మీరు సలహాదారుగా ఉండాలి. మీరెలా చెబితే అలా."

"నేను చెబితే వింటారా?" అంది ఈతమ్మ.

"వినడానికే కదా పిలుస్తున్నది."

ఆ ఒక్క మాటకు ఈతమ్మ కొమ్మ దిగింది.

ఫారంలో ఆమెకు ఎత్తయిన రాతి అరుగు ఇచ్చారు. మెత్తటి ఎర్రమట్టి పోయించారు, ఒళ్లు దొర్లించుకోవడానికి. కోతులు రోజూ చెదపురుగులు తెచ్చి పెట్టేవి. తొండ దగ్గర నుంచి తోడేలు దాకా అందరూ, "నమస్కారమండీ సలహాదారుగారూ," అనడం మొదలుపెట్టారు.

మొదట్లో పని సవ్యంగానే సాగింది. గుహలో ఒక మూల గాలి తగిలేచోట దడి కట్టించి, కొన్ని కోళ్లను విడిగా పెట్టించాడు జూలప్ప. ఏది ఎంత కలపాలో ఆయన చెప్పాడు. ఈతమ్మ దగ్గరుండి కలిపించింది. తడిసిన ఊక ఎత్తించి పొడి ఊక పరిపించింది. ఆ కోళ్లలో బొద్దన్న అనే పుంజు ఉండేవాడు. ఒంటి బరువుకు ఎప్పుడూ కూర్చునే ఉండేవాడు.

"అక్కా, ఈ దాణా ఘాటుగా ఉందే," అన్నాడు మొదటిరోజు.

"అలవాటవుతుందిలే. తిన్నాక లేచి నాలుగడుగులు వెయ్యి."

"అడుగులా? అవెలా వేస్తారు?"

ఈతమ్మ వేసి చూపించింది. బొద్దన్న పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. కొన్నాళ్లకు దడి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, లోకం చుట్టొచ్చినవాడిలా రొప్పుతూ నిలబడ్డాడు. ఆ మూల దగ్గులు తగ్గాయి. కోళ్లు మిగతావాటిలా ఉబ్బలేదు గానీ కళ్లు తేటపడ్డాయి. ఈతమ్మకు గర్వంతో మెడ సాగింది.

లౌక్యారావు అందులో ఒక కోడిని రాజుగారి భోజనానికి పంపాడు.

"ఇది కోడా, పిచ్చుకా?" అన్నారు రాజుగారు.

"ఎదగడానికి కాస్త సమయం పడుతుంది ప్రభూ," అన్నాడు జూలప్ప.

"నా ఆకలికి సమయం పడుతుందా?" అన్నారు రాజుగారు.

ఆ సాయంత్రమే దడి పీకేశారు. బొద్దన్న, అతనితో ఉన్నవాళ్లూ మళ్లీ గుంపులో కలిసిపోయారు. ఆ మూలను అతిథుల గదిగా మార్చారు, అక్కడ గాలి బాగా వస్తుందని.

పథకం మాత్రం ఆగలేదు, ఇంకా పెద్దదైంది. దాణా మూటలన్నిటి మీదా పసుపు పూశారు. ప్రతి మూట మీదా ఈతమ్మ బొమ్మ వేశారు, ఒక కాలు ఎత్తి, తల పైకెత్తి. కింద 'అంతా సహజం' అని రాశారు. ఈతమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసుకుంది. బాగానే వేశారు.

అలా చూస్తుండగా కోతి ఒకటి వచ్చి, తొట్టెల్లో తెల్లపొడి కలపడం కంటపడింది.

ఆమె తిన్నగా లౌక్యారావు దగ్గరికి వెళ్లింది. "ఏమండీ, ఇదేం పని? మందు పోస్తున్నారే!"

"పసుపు కలపడం లేదా?"

"మూటల మీద పూశారు. లోపల చిటికెడు ఉంటే గొప్ప."

"ఉంది కదా చిటికెడు," అన్నాడు లౌక్యారావు చల్లగా. "చూడండి ఈతమ్మగారూ. మందు పోయనని నేనెప్పుడైనా అన్నానా? సహజ దాణా అన్నాను. మందు పోయడం ఈ ఫారంలో ఎంత సహజమో మీకు తెలియంది కాదు."

"నా బొమ్మ ఉంది ఆ మూటల మీద!"

"అదే నేనూ అంటున్నది. ఇది బయటపడితే ముందు ఎవరి బొమ్మ చూస్తారు?"

ఈతమ్మ జూలప్ప దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఫారం నుంచి కొత్తగా వచ్చిన తేనెపట్టు ముందు కూర్చుని ఉన్నాడు. మొహమంతా తేనె.

"నేను చేయాల్సింది చేశాను ఈతమ్మా. పరిశోధన చేశాను. ఫలితం బాగా వచ్చింది," అన్నాడు. "దాన్ని పాటించడం వేరే శాఖ."

ఈతమ్మ అరుగెక్కి కూర్చుంది. వెళ్లిపోదామా అనుకుంది. పొద గుర్తొచ్చింది. పొద కింద తన మాట వినే చెదపుట్టలూ గుర్తొచ్చాయి. ఇంతలో అటుగా పోతున్న కుందేలు ఆగి, వంగి, "నమస్కారం సలహాదారుగారూ," అంది.

"నమస్కారం," అంది ఈతమ్మ. ఉండిపోయింది.

గుహలో మళ్లీ ఎవరో దగ్గారు. బొద్దన్నే అయి ఉంటాడనిపించింది. తల తిప్పి చూడలేదు.

సహజ కోళ్ల పేరు పక్క అడవులకు పాకింది. అక్కడి రాజులు కూడా మాకు కావాలంటే మాకు కావాలన్నారు. అయితే కల్తీ లేదని తేల్చే శుద్ధి సంఘం ముద్ర ఉంటేనే పంపాలన్నది అడవుల మధ్య ఒప్పందం. అందుకని శుద్ధి సంఘం తనిఖీకి వచ్చింది. అధ్యక్షురాలు పునుగుపిల్లి సుగంధమ్మ. ఆవిడ ఎక్కడికి వెళ్లినా వాసన ముందు వెళుతుంది, ఆవిడ తర్వాత వస్తుంది. వెనకాల ముంగిసలు సభ్యులుగా వచ్చాయి.

లౌక్యారావు ముందు వాళ్లకు అతిథుల గదిలో భోజనం పెట్టించాడు. అన్నీ ఫారం కోళ్లే. సంఘం వారు కడుపునిండా తిని, తేన్చి, తనిఖీకి లేచారు. గుహలో సగం దాకా తెర కట్టి ఉంది. తెర వెనక దగ్గులు వినబడుతున్నాయి.

"అదేమిటి?" అంది సుగంధమ్మ.

"కోళ్ల ప్రార్థన," అన్నాడు లౌక్యారావు. "మా సహజ దాణాతో పెరిగిన కోడిని ఇటు చూడండి." ఈతమ్మ వైపు సైగ చేశాడు.

నిజానికి ఈతమ్మ తాను ఈ దాణా తిని పెరగలేదని చెప్పాలి. కానీ అందరూ తననే చూస్తున్నారు. ఇంతమంది ఒక్కసారిగా తనను చూడటం ఆమె ఎరగదు. మెడ సాచి నాలుగడుగులు నడిచింది. రెక్కలు విదిల్చి అరుగు మీది నుంచి ఎదుటి బండ మీదికి ఎగిరింది.

"ఎగిరింది!" అన్నాయి ముంగిసలు.

"ఏం ఒళ్లు! ఏం మెరుపు! కొవ్వు చూశారా, ఎక్కడా వేలాడటం లేదు," అంది సుగంధమ్మ. కళ్లు అరమోడ్చి గాలిని లోపలికి పీల్చింది. "మందు వాసన బొత్తిగా లేదు. నా ఉద్యోగంలో ఇంత శుద్ధమైన కోడిని చూడలేదు. ముద్ర వేసేస్తాం. నమూనా పరీక్ష ఒక్కటే మిగిలింది."

"నమూనా అంటే?" అంది ఈతమ్మ.

"రుచి చూడటం," అంది సుగంధమ్మ. "నియమం. తలుపు వేయండి."

ముళ్లకంప తలుపు మూసుకుంది. ముంగిసలు దాని ముందు వరసగా నిలబడ్డాయి.

ఈతమ్మ లౌక్యారావు వైపు చూసింది. ఆయన ఒక్క క్షణం గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "సంస్థ కోసం ఎంతటి త్యాగానికైనా మా ఈతమ్మగారు సిద్ధం. ఆవిడ బొమ్మ మూటల మీద ఎలాగూ ఉంటుంది," అన్నాడు.

సుగంధమ్మ పెదాలు తడుపుకుని దగ్గరికి వచ్చింది.

"ఆగండి!" అని అరిచింది ఈతమ్మ. "నేను శుద్ధమైనదాన్ని కాదు! మందు తిన్నాను! రోజూ తిన్నాను!"

సుగంధమ్మ ఠక్కున ఆగింది.

"అబద్ధం. భయంతో అంటోంది," అన్నాడు లౌక్యారావు.

"భయంతోనే అంటున్నాను," అంది ఈతమ్మ. ఒకసారి మొదలయ్యాక ఆపడం ఆమె వల్ల కాలేదు. "నేనే కాదు, ఇక్కడ అందరూ తింటున్నారు! పసుపు మూట మీదే ఉంది. లోపల అంతా తెల్లపొడి. ఆ తెర తీయండి! తొట్టెలో ముక్కు పెట్టి చూడండి! నాకు ముందే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. డాక్టరుగారికీ తెలుసు!"

తెర వెనక దగ్గులు ఆగాయి.

సుగంధమ్మ ఓ పక్కగా నిలబడ్డ జూలప్ప వైపు తిరిగింది. "నిజమా?"

"శాస్త్రపరంగా నిజమనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం," అన్నాడు జూలప్ప నేల చూస్తూ. "ఇంకా పరిశోధన జరగాలి."

అప్పుడు లౌక్యారావు సుగంధమ్మను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు గానీ, బండ మీద ఉన్న ఈతమ్మకు వినబడింది.

"అమ్మా, ఫారం మొత్తం కల్తీ అంటే నాకు వచ్చే నష్టం తర్వాత. ఇందాక సంఘం వారు భోజనం చేశారు. అవి ఈ కోళ్లే. శుద్ధి సంఘం అధ్యక్షురాలి కడుపులో కల్తీ కోళ్లున్నాయని అడవుల్లో తెలిస్తే..."

సుగంధమ్మ పొట్ట తడుముకుని, సభ ముందుకు వచ్చింది.

"ఆరోపణ వచ్చింది గనుక విచారణ జరగాలి," అంది. "తెర తీయండి. ఫారం కోళ్లలో ఎవరికైనా దాణా మీద అభ్యంతరం ఉంటే, నియమం ప్రకారం లేచి నిలబడి చెప్పాలి."

తెర తీశారు. లోపల తెల్లటి గుంపు ఊక బురదలో కూర్చుని ఉంది. బొద్దన్న కనబడ్డాడు ఈతమ్మకు. మళ్లీ ఉబ్బిపోయాడు. ఆమెను చూసి, రెక్కలు నేలకు ఆనించి లేవబోయాడు. కాళ్లు వణికాయి. సగం లేచాడు. ముందుకు బోర్లా పడ్డాడు. మళ్లీ లేవబోయాడు. దగ్గు తెర వచ్చి కూలబడ్డాడు.

"ఎవరూ నిలబడలేదు. ఎవరికీ అభ్యంతరం లేదు," అంది సుగంధమ్మ. "మందు తిన్నానని స్వయంగా ఒప్పుకున్న కోడి ఒక్కటే. ఆ కోడి మినహా ఫారం మొత్తం శుద్ధం."

ముంగిసలు ముందు పాదాలతో చప్పట్లు కొట్టాయి.

ఆ విధంగా, ఆ గుహలో ఉన్నవాటిలో పుట్టి బుద్ధెరిగి ఒక్క రవ్వ మందు ఎరగని ఏకైక కోడి కల్తీ కోడిగా తేలింది. మోదుగుపూల రంగు తెచ్చి ఆమె వీపు మీద ఎర్రగా ముద్ర కొట్టారు. తినడానికి పనికిరాదని, ఏ అడవిలో ఏ జంతువూ నోట పెట్టరాదని చాటింపు వేయించారు. ఆ తర్వాత మెడ పట్టి గుమ్మం బయటికి గెంటారు.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి బొద్దన్న గొంతు వినబడింది.

"అక్కా, మాకు ముద్ర వచ్చిందట! ఇక మా దగ్గులు తగ్గుతాయా?"

ఈతమ్మ అక్కడే నిలబడిపోయింది. నలుగురూ వినేలా మాట్లాడాలని జీవితమంతా కోరుకున్నది. నిజం చెబితే నలుగురూ విన్నారు కూడా. విని తలుపు వేశారు.

ముద్ర వచ్చిన సంబరంలో లౌక్యారావు ఆ రోజు విందు చేసుకున్నాడు. ఆత్రంగా తింటుంటే గొంతులో కోడి ఎముక గుచ్చుకుంది. లోపల పుండు పడి చీము పట్టింది. జూలప్ప తెల్లపొడి పోశాడు. ఈ పుండు కూడా దాన్ని లెక్కచేయలేదు.

"పసుపు, వేపాకు ఏమైనా..." అని గొణిగాడు లౌక్యారావు.

"ఇంత ముదిరాక అవేం చేస్తాయి డైరెక్టరుగారూ? ఉన్న పసుపంతా మూటల మీద పూశారాయె," అన్నాడు జూలప్ప.

లౌక్యారావు ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. మాటతోనే బతికినవాడు మాట లేనివాడయ్యాడు. అందరూ ఆయన పని అయిపోయిందనుకున్నారు. అయితే గడువు ముగిసి సుగంధమ్మ పదవి నుంచి దిగిపోగానే, ఏం అడిగినా తల మాత్రమే ఊపగలవాడు శుద్ధి సంఘానికి ఇంకెవరు దొరుకుతారని, ఆయననే అధ్యక్షుడిని చేశారు. ఇప్పుడు సంఘం ముద్రలు ఇదివరకటి కంటే తొందరగా వస్తున్నాయి. పులిరాజుగారు మూడుకాళ్ల మీద కుంటుతూ సభలకు వస్తున్నారు. పక్క అడవుల రాజులకు కూడా ఏవేవో పుండ్లు మానడం లేదని జూలప్పకు కబుర్లు వస్తున్నాయి. ఆయన పరిశోధిస్తున్నాడు.

ఈతమ్మ ముద్రతో మళ్లీ అడవిలో పడింది. మొదట్లో సిగ్గుతో పొద దాటి వచ్చేది కాదు. ఒకరోజు గడ్డిగింజలు ఏరుకుంటూ తల ఎత్తేసరికి ఎదురుగా అడవిపిల్లి ఉంది. పారిపోయే వ్యవధి లేదు. పిల్లి ఆమె చుట్టూ తిరిగి, వీపు చూసి, మొహం ముడుచుకుంది.

"ఛీ, కల్తీ," అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత డేగ కూడా అంతే. కొండచిలువ కూడా అంతే. ఈతమ్మ గుడ్లు పెట్టింది, పొదిగింది, పిల్లలను వెంటేసుకుని పట్టపగలు బాట మీద తిరిగింది. ఎవరూ ముట్టుకోలేదు. కొన్నాళ్లకు చుట్టుపక్కల అడవికోళ్లన్నీ ఆమె పొద ముందు చేరాయి.

"వదినా, ఆ ముద్ర ఎక్కడ వేస్తారు? మాకు కూడా వేయించవూ?" అని బతిమాలాయి.

ఈతమ్మ మోదుగుచెట్టు వైపు నడిచింది. అవన్నీ వెంట నడిచాయి.

ఇక ఈ కథ చెప్పేది ఒక్కటే: మంచి సరుకని పేరొస్తే తినేస్తారు, కల్తీ సరుకని పేరొస్తేనే బతకనిస్తారు.